గీజరుకు కారే చోటంతా మూయదగినది కాదు

సంపాదకులు గారికి నమస్కారం.

గత ఆదివారం కూకట్‌పల్లిలో అద్దెకుంటున్న మా చెల్లెలి ఇంట్లో చూసిన ఒక సైకిలు ట్యూబు ముక్క ఈ ఉత్తరానికి కారణం. స్నానాలగదిలో 15 లీటర్ల గీజరు అడుగున, చన్నీళ్లు లోపలికి వెళ్లే పైపు దగ్గర, బొటనవేలంత ఇత్తడి వాల్వు ఒకటి ఉంది. దాని మూతికి ఎం-సీల్ ముద్ద పెట్టి, పైన సైకిలు ట్యూబు ముక్కను నాలుగు చుట్లు బిగించి, ఇనుప తీగతో ముడి వేశారు. ఏమిటిదని అడిగితే, "చుక్కచుక్కగా కారుతోందని చెప్తే ఇంటివాళ్లు ప్లంబరును పంపించారు బావగారూ, ఇప్పుడు ఒక్క చుక్క రావడం లేదు" అని మా బావ సంతోషంగా చెప్పాడు. ఆ ప్లంబరు మూసింది సేఫ్టీ వాల్వును. ఉద్యోగ జీవితమంతా ఒక కర్మాగారం ఆవిరి విభాగంలో గడిపిన నాకు ఆ పూట అక్కడ కాఫీ కూడా సహించలేదు.

నీరు వేడెక్కితే వ్యాకోచిస్తుందని బడిలో చదువుకున్నాం. 25 డిగ్రీల దగ్గరున్న 15 లీటర్ల నీటిని 65 డిగ్రీలకు తీసుకువెళితే సుమారు పావు లీటరు పెరుగుతుంది. నీటికి నొక్కుకుపోయే గుణం లేదు కనుక ఆ పెరిగిన పావు లీటరుకు ఏదో ఒక దారి కావాలి. పైనున్న ఓవర్‌హెడ్ ట్యాంకులోకి తిరిగి వెళ్లే వీలుంటే అటే వెళుతుంది. కానీ ట్యాంకు ఖాళీ అయిన రోజున గీజరులోని నీళ్లు వెనక్కి జారిపోయి, నీటిని కాచే ఎలిమెంటు నీళ్లు లేకుండా కాలిపోకూడదని చాలా గీజర్లకు నీటిని ఒకవైపే పోనిచ్చే ఏర్పాటు సేఫ్టీ వాల్వులోనే కలిపి ఉంచుతారు. అప్పుడు వెనుక దారి మూసుకుపోతుంది, ఒత్తిడి పెరుగుతుంది, వాల్వు కొద్దిగా తెరుచుకుని నాలుగు చుక్కలు వదులుతుంది. గీజరు వేడెక్కుతున్నప్పుడు మాత్రమే వాల్వు నుంచి చుక్కలు పడుతూ, చల్లారాక ఆగిపోతుంటే అది చెడిపోయిందని కాదు, పని చేస్తోందని అర్థం. చల్లగా ఉన్నప్పుడు కూడా ఆగకుండా కారుతుంటే మాత్రం లోపల సున్నపు పొర పేరుకుని వాల్వు సరిగా మూసుకోవడం లేదనో, పైనుంచి వచ్చే నీటి ఒత్తిడి మరీ ఎక్కువగా ఉందనో అనుమానించాలి. అప్పుడైనా చేయవలసింది వాల్వును మార్చడమే. బోరు నీళ్లు వాడే మన కాలనీల్లో ఈ సున్నం బెడద మరీ ఎక్కువ.

ఆ మూతిని మూసేస్తే వెంటనే ఏమీ జరగదు, అసలు ప్రమాదం అక్కడే ఉంది. థర్మోస్టాట్ పనిచేస్తున్నంత కాలం నీళ్లు ఒక స్థాయికి కాగాక కరెంటు తెగిపోతుంది, నెలలూ సంవత్సరాలూ గడిచిపోతాయి. ఒకరోజు థర్మోస్టాట్ అతుక్కుపోయి, దానికి తోడుగా, వేడి మితిమీరితే కరెంటు ఆపేసే కటౌట్ కూడా పనిచేయకపోతే నీరు వంద డిగ్రీలు దాటి కాగుతూనే ఉంటుంది. ఒత్తిడిలో ఉన్నంతసేపు అది నీరుగానే ఉండి, ట్యాంకు చీలిన క్షణంలో దానిలో కొంత భాగం ఒక్కసారిగా ఆవిరవుతుంది. నీరు ఆవిరైతే దాదాపు 1,600 రెట్లు చోటు కావాలి. ఇన్ని రక్షణలూ ఒకేసారి విఫలం కావడం అరుదే కానీ, వాటిలో చివరిదాన్ని మనమే చేతులారా కట్టేసి మిగతావాటి మీద భారం వేయడం ఏ లెక్కన చూసినా సబబు కాదు.

అలాగని గీజరు దగ్గర కనబడే ప్రతి తడినీ మామూలే అనుకోకూడదు. పైపు జాయింటు దగ్గర కారుతుంటే వాషరు మారిస్తే సరిపోవచ్చు. అడుగు మూత అంచుల వెంట నీళ్లు జారుతుంటే మాత్రం చాలా జాగ్రత్తపడాలి. ఎలిమెంటు, థర్మోస్టాట్ తీగలు ఉండేది సాధారణంగా ఆ మూత కిందే. కుళాయి ముట్టుకున్నప్పుడు చెయ్యి జిల్లుమన్నా, గీజరు వేయగానే ఎం.సి.బి. (బోర్డులో తనంతట తానే పడిపోయి కరెంటు ఆపే రక్షణ స్విచ్చు) పడిపోతున్నా అది కరెంటు నీళ్లలోకి వస్తోందన్న హెచ్చరికే కావచ్చు. పడిపోయిన స్విచ్చును మళ్లీ మళ్లీ పైకి ఎత్తి స్నానం ముగించేవాళ్లను నేను చూశాను. ఇక గీజరు ఒంటి నుంచే, అంటే లోపలి ట్యాంకు నుంచే తుప్పు రంగు నీళ్లు కారుతుంటే దానికి మందు లేదు. ట్యాంకు తుప్పు పట్టకుండా తాను కరిగిపోతూ కాపాడే మెగ్నీషియం కడ్డీ ఒకటి చాలా గీజర్ల లోపల ఉంటుంది. ఉప్పు నీళ్లలో అది త్వరగా అరిగిపోతుంది. ఏడాదికో రెండేళ్లకో దాన్ని చూపించుకుంటే ట్యాంకు ఆయువు పెరుగుతుంది. ఒకసారి చిల్లు పడ్డాక వెల్డింగులూ ముద్దలూ పనికిరావు, కొత్తది కొనుక్కోవలసిందే.

కారడం గమనించిన వెంటనే ఏం చేయాలో ఇంట్లో అందరికీ, ముఖ్యంగా పిల్లలకూ పనివాళ్లకూ తెలిసి ఉండాలి. తడి చేతులతో స్నానాలగది బయటి స్విచ్చును వెతుక్కోకుండా, పొడి చేతులతో, కాళ్లకు చెప్పులు వేసుకుని, మెయిన్ బోర్డులో గీజరుకు సంబంధించిన ఎం.సి.బి.ని దించాలి, ఏది దేనిదో తెలియకపోతే ఇంటి మెయిన్ దించితే సరి. ఆ తర్వాతే గీజరుకు నీళ్లు వెళ్లే పైపు మీది చిన్న కుళాయిని, అంటే యాంగిల్ కాక్‌ను కట్టేయాలి. లోపలి నీళ్లు మరుగుతూ ఉండవచ్చు కనుక చల్లారే దాకా గీజరును ముట్టుకోకూడదు, మూత విప్పకూడదు. చల్లారాక వేణ్ణీళ్ల కుళాయి తిప్పితే ఒత్తిడి తగ్గుతుంది. గీజరు లోపల బుసబుసమని శబ్దం వస్తున్నా, కుళాయి నుంచి నీళ్ల బదులు ఆవిరి వస్తున్నా ఆ గదిలోకే వెళ్లకుండా మెయిన్ దించి, మనుషులను దూరంగా పంపించాలి. అలాంటి స్థితిలో చల్లబరుద్దామని ఏ కుళాయీ తిప్పకూడదు. మరమ్మతుకు వచ్చిన వ్యక్తి ఎర్తు ఉందో లేదో చూడకుండా పని మొదలుపెడితే ఆపి అడగడం మన హక్కు. రెండు కిలోవాట్ల గీజరుకు 16 ఆంపియర్ల సాకెట్టు, సరైన ఎర్తు, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఉండాలి. కొన్ని పాత ఇళ్లలో సాకెట్టు మూడో రంధ్రానికి ఎర్తు తీగే ఉండదు.

మా చిన్నతనంలో పెరట్లో రాగి బాయిలరు ఉండేది. మధ్య గొట్టంలో బొగ్గులు మండుతుంటే, పైనుంచి చెంబుడు చన్నీళ్లు పోస్తే కుళాయిలోంచి చెంబుడు వేణ్ణీళ్లు వచ్చేవి. పైన తెరిచే ఉండేది కనుక దానికి వాల్వుతో పనిలేదు. ఇప్పటి గీజరు మూసిన పాత్ర. కర్మాగారాల బాయిలర్లకు 1923 నుంచి చట్టం ఉంది, 2025లో దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది, తనిఖీ చేసే అధికారులున్నారు. స్నానాలగదిలోని ఈ చిన్న గీజరు ఆ చట్టం పరిధిలోకి రాదు. దాన్ని చూసుకోవలసింది మనమూ, మనం పిలిచే ప్లంబరూ మాత్రమే.

అందుకని ఇళ్ల యజమానులకూ, అపార్ట్‌మెంట్ సంఘాలకూ ఒక విన్నపం. సేఫ్టీ వాల్వు చుక్కలు నెత్తిన పడుతున్నాయని అద్దెకున్నవారు చెబితే, దాని మూతికి సన్నని పైపు తగిలించి, నేల మీద నీళ్లు బయటికి పోయే నహానీ ట్రాప్ దాకా దించండి. పైపు చివర ఎప్పుడూ తెరిచే ఉండాలి. ఇది అరగంట పని. మా చెల్లెలి ఇంట్లో ఆ సాయంత్రమే కరెంటు తీయించి, గీజరు చల్లారాక ట్యూబు ముక్క విప్పి చూస్తే ఎం-సీల్ వాల్వు లోపలికంటా దిగి గట్టిపడిపోయి ఉంది. మర్నాడు వాల్వు కొత్తది వేయించి, పైపు దించాం. పొద్దున్నే గీజరు వేసిన పది పదిహేను నిమిషాలకు ఆ పైపులోంచి చుక్కలు మొదలవుతున్నాయని మా బావ ఫోను చేసి చెప్పాడు.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉద్యోగి,
హైదరాబాద్.