70కీ 77కీ మధ్య మా తమ్ముడు: క్రీడా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

కర్ణాటక యువజన సాధికారత, క్రీడా శాఖ మంత్రి గారికి నమస్కారం.

మాది కదిరి. పదకొండేళ్ళుగా బెంగళూరులోనే, మారతహళ్ళిలో ఉంటున్నాం. కన్నడ బాగానే వచ్చు, ఈ ఉత్తరం కన్నడలో కూడా మీ ఆఫీసుకు పంపుతున్నాను, కానీ మా ఇంట్లో జరిగింది చెప్పాలంటే నాకు తెలుగులోనే వస్తుంది. పైగా ఈ ఊళ్ళో ఎంఎంఏ (మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్, అంటే గుద్దడం, తన్నడం, పట్టు పట్టడం అన్నీ కలిసిన పోరాట ఆట) నేర్చుకుంటున్న మన తెలుగు పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు కూడా దీన్ని చదవాలి.

విషయం ముందే చెప్పేస్తాను. మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్‌లో ఇప్పుడున్న వెయిట్ కేటగిరీలు చాలవు, ఇంకొన్ని కావాలి. కనీసం మన రాష్ట్రంలో జరిగే అమెచ్యూర్ పోటీల్లోనైనా మీరు పూనుకుని పెట్టించాలి.

మా తమ్ముడికి 22 ఏళ్ళు. పగలంతా డెలివరీ పని, సాయంత్రం ప్రాక్టీసు. మామూలుగా తిని తిరిగితే 78 కిలోలుంటాడు. కేటగిరీ అంటే కాటా మీద ఆ బరువు దాటకూడదు. వాడికి ఉన్న దారులు రెండే: లైట్‌వెయిట్ 70.3 కిలోలు, లేదంటే వెల్టర్‌వెయిట్ 77.1. మొదట 77లోనే ఆడాడు. అదే వాడి కేటగిరీ కదా అనిపిస్తుంది, కానీ అక్కడికి వచ్చేవాళ్ళు 85, 86 నుంచి దిగి వచ్చినవాళ్ళు. ముందు రోజు కాటా మీద 77 చూపించి, రాత్రంతా తిని తాగి, ఆరేడు కిలోలు మళ్ళీ ఎక్కించుకుని మర్నాడు కేజ్‌లోకి, అంటే ఫైట్ జరిగే కంచె బరిలోకి వస్తారు. ఎదుటి కుర్రాడు మా వాణ్ణి నడుం పట్టి ఎత్తి పడేసి మీద కూర్చున్నాడు, రౌండ్ అయ్యేదాకా వీడు లేవలేకపోయాడు. వీడికి ఆట రాక కాదు, ఆ బరువు కింద ఊపిరి ఆడక. అప్పుడే కోచ్ 70కి దిగమన్నాడు.

దిగడం అంటే ఏంటో మీరు చూసి ఉండరు. పది రోజుల ముందు అన్నం మానేశాడు. తర్వాత ఉప్పు మానేశాడు. చివరి రెండు రోజులు నీళ్ళు కూడా మానేశాడు. ఆఖరి రాత్రి గీజర్ నీళ్ళు చాలక నేను గ్యాస్ పొయ్యి మీద కూడా కాచి పోస్తుంటే, పెద్ద ప్లాస్టిక్ టబ్బులో మెడదాకా మునిగి కూర్చున్నాడు. బయటికొచ్చి రెయిన్‌కోటు తొడుక్కుని, దాని మీద రెండు దుప్పట్లు కప్పుకుని, బబుల్‌గమ్ నములుతూ ఖాళీ నీళ్ళ సీసాలో ఉమ్ముతూనే ఉన్నాడు. ఆ ఉమ్ము బరువు కూడా లెక్కే. పదకొండింటికి మా వీధి చివర బియ్యం కొట్టాయన్ని బతిమాలి షట్టర్ తీయించి, బస్తాలు తూచే కాటా ఎక్కాడు. "అక్కా, ఇంకా కిలో రెండొందలు ఉంది" అన్నాడు. పెదాలు ఎండి ఒకదానికొకటి అంటుకుపోయి ఆ మాట కూడా సరిగా బయటికి రాలేదు. నేను ఏడ్చాను, వాడికి ఏడవడానికి కళ్ళల్లో నీళ్ళు కూడా లేవు.

తెల్లవారుజామున ఇంకా కొద్ది గ్రాములు మిగిలితే ట్రిమ్మర్‌తో గుండు చేసుకున్నాడు. కాటా 70.3 చూపించింది. మర్నాడు ఫైట్‌లో రెండో రౌండ్‌కి కాళ్ళు తేలిపోయాయి, ఓడిపోయాడు. ఆ రాత్రి మూత్రం టీ రంగులో వచ్చింది, రెండు రోజులు ఆసుపత్రిలో సెలైన్ మీద ఉన్నాడు. అమ్మ వీడియో కాల్ చేసి గుండు చూసి, "తిరుమల పోయొచ్చావా నాయనా, చెప్పనేలేదే" అంది. వాడు అవునమ్మా అన్నాడు. నేను పక్కనే ఉన్నాను, ఏమీ మాట్లాడలేకపోయాను.

ఇది మా ఇంటి ఒక్కరి గొడవ అనుకోకండి. 2015 డిసెంబరులో మనీలాలో యాంగ్ జియాన్ బింగ్ అనే 21 ఏళ్ళ చైనా ఫైటర్ ఇలాగే బరువు దించుకుంటూ చనిపోయాడు. ఆ పోటీ నడిపే వన్ ఛాంపియన్‌షిప్ అప్పుడు మేలుకుని, ఒంట్లో నీళ్ళు తీసేసి బరువు దించడాన్ని నిషేధించింది, ఒంట్లో నీళ్ళు తగ్గాయేమో చూడడానికి మూత్ర పరీక్ష పెట్టింది. 1997 చివర్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుస్తీ కుర్రాళ్ళు వారాల తేడాలో ఇలాగే పోతే గానీ అక్కడి రూల్స్ మారలేదు. మన దగ్గర కూడా ఎవరో ఒకరు పోయేదాకా ఆగాలా?

ఇక వినేశ్ ఫోగాట్. 2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్‌లో కుస్తీ ఫైనల్ ఉన్న రోజు పొద్దున వంద గ్రాములు ఎక్కువుందని ఆమెను పోటీ నుంచే తప్పిస్తే దేశమంతా ఎంత బాధపడిందో గుర్తుంది కదా, ఆ బరువు దించడానికి జుట్టు కూడా కత్తిరించారు. ఆమె అంతకుముందు ఆడింది 53 కిలోల్లో. ఆ చోటు ఇంకొకరికి వెళ్ళాక 50కి దిగాల్సి వచ్చింది. ప్రపంచ కుస్తీ పోటీల్లో ఆడవాళ్ళకి పది కేటగిరీలుంటే ఒలింపిక్స్‌లో ఆరే. మెట్లు తగ్గితే దాటాల్సిన గ్యాప్ పెరుగుతుంది, ఆ భారం మోసేది ఆడేవాళ్ళ ఒళ్ళు.

ఎంఎంఏలో మెట్లు ఎలా ఉన్నాయో చూడండి. కింద 56.7, 61.2, 65.8, 70.3. అక్కడిదాకా నాలుగున్నర కిలోల తేడా, బాగానే ఉంది. అక్కణ్ణుంచి 77.1, 83.9, అంటే దాదాపు ఏడేసి కిలోలు. తర్వాత 93, అంటే తొమ్మిది. ఆపైన ఒక్కసారిగా 120. పెద్ద ఒళ్ళకి తేడా కొంచెం ఎక్కువున్నా పర్లేదనే వాదన కొంతవరకు ఒప్పుకుంటాను, కానీ 95 కిలోల కుర్రాణ్ణి 119 కిలోలవాడి ముందు నిలబెట్టడాన్ని ఏ లెక్కలో ఒప్పుకోవాలి? ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో కనీసం 17 కేటగిరీలున్నాయి. 69.9, 72.6, 76.2 అని మా తమ్ముడి బరువు చుట్టుపక్కలే మూడు మెట్లు. ఎంఎంఏలో మామూలుగా ఆడించేవాటిలో 70.3కీ 77.1కీ మధ్య ఏమీ లేదు. పైగా ఇందులో పట్టు పట్టడం, కింద పడేసి మీద ఎక్కడం కూడా ఉంటాయి కాబట్టి బరువు తేడా బాక్సింగ్‌లో కన్నా ఇక్కడే ఎక్కువ కొడుతుంది.

నేను కొత్తగా ఏదో కనిపెట్టి అడగడం లేదు. 2017 జులైలోనే అమెరికాలోని బాక్సింగ్ కమిషన్ల సంఘం 165, 175, 195, 225 పౌండ్లు అని నాలుగు కొత్త కేటగిరీలకు ఒప్పుకుంది. మన లెక్కలో 74.8, 79.4, 88.5, 102.1 కిలోలు. రూల్ పుస్తకంలో ఉన్నాయి, పెద్ద పెద్ద ఎంఎంఏ పోటీలు నడిపే అమెరికా కంపెనీ యూఎఫ్‌సీ మాత్రం వాటిని తీసుకోలేదు, అది వాళ్ళ వ్యాపారం, వాళ్ళ బెల్టుల లెక్క వేరే. 1993లో మొదలుపెట్టినప్పుడు వాళ్ళ దగ్గర కేటగిరీలే లేవు, 1997లో రెండే పెట్టారు, తర్వాత మెల్లగా పెరిగాయి. ఎప్పటికీ ఇంతే ఉండాలని ఎక్కడా లేదు. 74.8 ఉంటే మా వాడు మూడు కిలోలు దిగితే చాలు, నెల రోజులు తిండి చూసుకుంటే సరిపోతుంది, టబ్బూ వద్దు, రెయిన్‌కోటూ వద్దు.

మా కోచ్ నా మాట ఒప్పుకోలేదు. "కేటగిరీలు పెంచితే 83వాడు కూడా ఆ కొత్తదానిలోకే దిగుతాడమ్మా, నీ తమ్ముడికి మళ్ళీ అదే గతి" అన్నాడు. అందులో నిజం ఉంది, అందుకే కేటగిరీలతో పాటు మూత్ర పరీక్ష, పోటీ రోజు పొద్దున ఇంకోసారి తూచడం కూడా అడుగుతున్నాను. కానీ మెట్టు లేకుండా ఒట్టి పరీక్ష పెడితే 78 కిలోల కుర్రాడు ఎక్కడికి పోవాలి? 77లో పెద్దవాళ్ళ కింద నలగాలి, లేదా ఆట మానేయాలి. రెండూ కలిసి రావాలి.

కేటగిరీలు పెరిగితే ఒక్కో దానిలో ఇద్దరు ముగ్గురే మిగులుతారని, పతకానికి విలువ ఉండదని ఇంకొందరంటారు. ముగ్గురే ఉంటే ముగ్గురూ ఒకరితో ఒకరు ఆడతారు, అంతే కదా. దాన్ని పెద్ద సమస్యగా నేను చూడలేను. 2026 ఐచీ-నగోయా ఆసియా క్రీడల్లో ఎంఎంఏకి చోటిచ్చారు కాబట్టి అంతర్జాతీయ కేటగిరీలే పాటించాలని మీ అధికారులు చెప్పవచ్చు. సెలక్షన్ పోటీలకి అలాగే కానివ్వండి. జిల్లా, రాష్ట్ర స్థాయిలో, ముఖ్యంగా ఇంకా ఒళ్ళు పెరుగుతున్న పిల్లల పోటీల్లో, మధ్య మెట్లు పెడితే ఎవరూ అడ్డు చెప్పరు.

పోటీలు పెట్టేవాళ్ళు కంఠీరవ ఇండోర్ స్టేడియం కోసమో, కోరమంగళ స్టేడియం కోసమో మీ శాఖ దగ్గరికే వస్తారు. అప్పుడే కాగితం మీద షరతు రాయించండి: ఈ కేటగిరీలు ఉండాలి, పరీక్ష ఉండాలి, తూచే చోట డాక్టర్ ఉండాలి. కొత్త చట్టం కూడా అక్కర్లేదు.

మా తమ్ముడు మళ్ళీ పేరిస్తున్నాడు. వద్దన్నాను, వినలేదు, వాడికి ఆ ఆటంటే ప్రాణం. ఫారం నిన్న రాత్రి డైనింగ్ టేబుల్ మీద చూశాను. పేరు, వయసు, బ్లడ్ గ్రూపు అన్నీ నింపాడు. కేటగిరీ గడి ఒక్కటి ఖాళీగా వదిలాడు. ఇవ్వడానికి ఇంకా పన్నెండు రోజులు టైముంది.

ఇట్లు
ఒక అక్క
మారతహళ్ళి, బెంగళూరు