కాగితం లేని కంటైనర్‌కు రోజువారీ అద్దె

సంపాదకుడు గారికి,

విజయవాడ వన్‌టౌన్ హోల్‌సేల్ కొట్ల బొమ్మలు, ఎల్‌ఈడీ లైట్లు, ఆటోనగర్ విడిభాగాలు, గుంటూరు చుట్టుపక్కల మిల్లుల యంత్రాలు విదేశం నుంచి వచ్చేటప్పుడు చెన్నైలోనో విశాఖలోనో ఓడ దిగుతాయి. ఏదో ఒక ధ్రువపత్రం లేక కంటైనర్ ఆగిపోతే, మన దగ్గర వ్యాపారి ఊళ్లోనే కూర్చుని ‘రెండు రోజుల్లో తేలుతుందిలే’ అనుకుంటాడు. ఆ ధీమాకయ్యే ఖర్చెంతో చాలామందికి చివరి బిల్లు వచ్చేదాకా తెలియదు.

కంటైనర్ ఆగితే మీటర్లు రెండు తిరుగుతాయి. సరుకు ఉన్న సీఎఫ్‌ఎస్ (రేవు నుంచి తెచ్చిన కంటైనర్లను కస్టమ్స్ తనిఖీకి ఉంచే యార్డు) లేదా రేవు యార్డు వసూలు చేసేది గ్రౌండ్ రెంట్. కంటైనర్ పెట్టె షిప్పింగ్ లైన్ సొత్తు కాబట్టి దాన్ని ఖాళీ చేసి తిరిగి ఇవ్వనందుకు లైన్ వసూలు చేసేది డిటెన్షన్. బిల్ ఆఫ్ ఎంట్రీ (సరుకు వివరాలతో కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి పత్రం) ఆలస్యమైతే కస్టమ్స్ రుసుము వీటికి అదనం: మొదటి మూడు రోజులు రోజుకు 5,000, ఆపైన రోజుకు 10,000 రూపాయలు. పత్రం వచ్చాక ఫైల్ చేద్దామని పది రోజులు ఆగినవారికి ఇదొక్కటే 85,000.

అద్దె శ్లాబుల్లో పెరుగుతుంది. రేట్లు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి కనుక లెక్క కోసం ఇలా అనుకుందాం: నాలుగు రోజులు ఉచితం, తరువాతి వారం రోజుకు 1,500, ఆపై వారం 3,000, అక్కడి నుంచి 4,500. లైన్ 14 రోజులు ఉచితమిచ్చి తరువాత రోజుకు 4,000 అడుగుతుందనుకుందాం. నలభై రోజులకు గ్రౌండ్ రెంట్ 1,30,500, డిటెన్షన్ 1,04,000. 18 శాతం జీఎస్టీ కలిపితే 2,76,710. ఇందులో మొదటి 18 రోజుల గ్రౌండ్ రెంట్ 31,500 మాత్రమే. గ్రౌండ్ రెంట్‌లో తక్కిన 99,000 తరువాతి 22 రోజులది. అంటే తేల్చుకోవలసిన నిర్ణయం మొదటి వారంలోనే తేల్చుకోవాలి.

ఆ నిర్ణయానికి ముందు అడగవలసిన ప్రశ్న ఒక్కటి: ఈ లోపం రేవులో సరిదిద్దగలిగేదేనా?

ప్యాకెట్ మీద ఎంఆర్‌పీ, దిగుమతిదారు పేరు, చిరునామా లేకపోతే కస్టమ్స్ అనుమతితో స్టిక్కర్లు అంటించి సరిచేయొచ్చు. యంత్రం వచ్చిన చెక్క పెట్టెల మీద ఐఎస్‌పీఎం-15 ముద్ర (చెక్కలో పురుగు లేకుండా శుద్ధి చేశారని చూపే అంతర్జాతీయ గుర్తు) లేకపోతే ప్లాంట్ క్వారంటైన్ దగ్గర ఆగుతుంది. సాధారణంగా ఫ్యూమిగేషన్‌తో (పురుగులు చంపే వాయువు పట్టించడంతో) గట్టెక్కుతుంది. ఇలాంటివాటికి కొన్ని రోజుల అద్దె కట్టి ఆగడంలో అర్థముంది. ఆహార పదార్థాలకు మాత్రం ఆగడమే ప్రమాదం. క్లియరెన్స్ నాటికి నిల్వ గడువులో 60 శాతమో, గడువు తీరడానికి మూడు నెలలో, ఏది తక్కువైతే అంత మిగిలి ఉండాలి. యార్డులో గడిచే ప్రతి రోజూ అందులోంచే పోతుంది.

బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు తప్పనిసరైన సరుకు సంగతి వేరు. బొమ్మలకు ఇది 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉంది: మామూలు బొమ్మలకు ఐఎస్ 9873, కరెంటు, బ్యాటరీ బొమ్మలకు ఐఎస్ 15644. లైసెన్సు ఇచ్చేది విదేశంలో ఆ వస్తువు తయారయ్యే ఫ్యాక్టరీకి. మన దిగుమతిదారు పరుగెత్తి తెచ్చుకునే కాగితం కాదది. అధికారి ఫ్యాక్టరీకి వెళ్లి చూడాలి, నమూనాలు పరీక్షకు వెళ్లాలి, అంతా అయ్యేసరికి నెలలు పడుతుంది. పోనీ, ఆ తరువాత లైసెన్సు వచ్చినా అంతకుముందే తయారై, గుర్తు లేకుండా రేవులో పడి ఉన్న సరుకును అది కాపాడదు. అయినా ‘సప్లయర్ అప్లై చేశాడట’ అన్న మాట పట్టుకుని అద్దె కడుతూ పోయేవారిని చూస్తుంటే జాలేస్తుంది. అలాంటి సరుకు ధరను అద్దె దాటిపోవడానికి ఎంతో కాలం పట్టదు.

పత్రం ఉండీ చెల్లని సందర్భాలు ఇంకా ఎక్కువ. సప్లయర్ వాట్సాప్‌లో పంపిన లైసెన్సు అసలుదే, కానీ ఫ్యాక్టరీ వేరు. ఇన్‌వాయిస్ ట్రేడింగ్ కంపెనీ పేరున ఉంటుంది, పెట్టె మీద మూడో పేరు. లేదా బ్రాండు, మోడల్ లైసెన్సులో ఉండదు. బీఐఎస్ కేర్ యాప్‌లో సీఎం/ఎల్ నంబరో (లైసెన్సు నంబరు), ఎలక్ట్రానిక్స్‌కైతే ఆర్ నంబరో (రిజిస్ట్రేషన్ నంబరు) కొట్టి ఫ్యాక్టరీ చిరునామా, బ్రాండు, మోడల్, చెల్లుబాటు తేదీ నాలుగూ ప్యాకింగ్ లిస్టుతో పోల్చి చూడటం పది నిమిషాల పని. అది అడ్వాన్సు పంపకముందు చేయాలి. ఓడ రావడానికి 30 రోజుల ముందే బిల్ ఆఫ్ ఎంట్రీ వేసే వీలుంది కాబట్టి, సరుకు సముద్రంలో ఉండగానే అధికారి అడిగే ప్రశ్నలు కూడా బయటపడతాయి.

సరిదిద్దలేని సరుకు వచ్చేసిందనుకోండి. హక్కు వదులుకుంటే సరిపోతుందని కొందరు సలహా ఇస్తారు. కస్టమ్స్ చట్టం సెక్షన్ 23 ఆ వీలు ఇచ్చినా, చట్ట ఉల్లంఘన జరిగినట్టు కనిపించే సరుకుకు ఒప్పుకోదు. మిగిలే దారి తిప్పి పంపడమే. జప్తుకో జరిమానాకో ముందు సెక్షన్ 124 కింద జరగాల్సిన నోటీసు, విచారణ మౌఖికంగానే చాలని దిగుమతిదారు కోరవచ్చు; ఆ ఉత్తరం మొదటి రోజుల్లోనే ఇస్తే వారాలు కలిసొస్తాయి. జరిమానా తప్పకపోవచ్చు, మీటరైతే ఆగుతుంది. ఏమీ చేయకుండా 30 రోజులు దాటితే సెక్షన్ 48 కింద వేలానికి పెట్టవచ్చు. వచ్చిన డబ్బులో వేలం ఖర్చులు, లైన్ బకాయి, సుంకం, యార్డు అద్దె, ప్రభుత్వ బకాయిలు పోగా మిగిలితేనే యజమానికి.

తేలడానికి టైము పట్టే కేసుల్లో సెక్షన్ 49 ఉంది. దరఖాస్తు పెట్టి అనుమతి తీసుకుంటే సరుకును పబ్లిక్ వేర్‌హౌస్‌కు మార్చవచ్చు. గడువు 30 రోజులు, పొడిగించవచ్చు. దీనివల్ల అసలు లాభం, కంటైనర్ డీ-స్టఫింగ్ చేసి (సరుకు బయటికి దించి) ఖాళీ పెట్టె లైన్‌కు ఇచ్చేయడం. డిటెన్షన్ అక్కడితో ఆగిపోతుంది. బ్రోకర్‌ను ఈ సెక్షన్ గురించి అడిగే వ్యాపారులు మన ఊళ్లలో తక్కువ.

కస్టమ్స్ ఆపింది కనుక అద్దె కట్టనక్కర్లేదన్న వాదన మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. కస్టమ్స్ ఆపింది తప్పని తేలినా అద్దె దిగుమతిదారుదేనని సీఎల్ జైన్ వూలెన్ మిల్స్ కేసులో 2001లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆపిన సరుకుకు అద్దె అడగరాదని 2009 కస్టమ్స్ నిబంధనల్లో ఉన్నా, అది ఇతర చట్టాలకు లోబడిన మాట కాబట్టి కోర్టుల చుట్టూ తిరగాల్సిందే.

అధికారులు చేయగలిగినవీ ఉన్నాయి. ఫేస్‌లెస్ (ముఖాముఖి లేకుండా ఆన్‌లైన్‌లో పరిశీలించే) విధానంలో ఫైలు చూసే అధికారి మరో నగరంలో ఉంటారు. ప్రశ్నలన్నీ ఒకేసారి అడగకుండా సమాధానం వచ్చాక ఇంకొకటి వేస్తే, ఒక్కో విడతకూ అద్దె పెరిగేది దిగుమతిదారుకే. రేవుల్లో సెక్షన్ 49 దరఖాస్తులను రెండు పనిదినాల్లో తేల్చాలి. సీఎఫ్‌ఎస్‌లు ఛార్జీల పట్టిక ప్రదర్శించాలని అదే 2009 నిబంధనలు చెబుతున్నాయి; ఆ పట్టికలో అన్ని శ్లాబులూ, కనీసం 60 రోజుల వరకు, తెలుగులో కూడా ఉండేలా చూడాలి. విజయవాడలోని కస్టమ్స్ ప్రివెంటివ్ కమిషనరేట్, బీఐఎస్ శాఖ కార్యాలయం కలిసి, ఆర్డరు పెట్టకముందే లైసెన్సు, ప్రొఫార్మా ఇన్‌వాయిస్ (ఆర్డరుకు ముందు సప్లయర్ ఇచ్చే ముసాయిదా బిల్లు) తెచ్చి చూపించుకునేలా వారానికి ఒక పూట కేటాయించాలి. దసరా, దీపావళి సరుకు ఆర్డర్లు వేసవిలోనే మొదలవుతాయి కాబట్టి ఆ పూట మార్చిలో మొదలైతే ఉపయోగం.

ఇట్లు,
దిగుమతి పత్రాల పని చేసేవారు,
వన్‌టౌన్, విజయవాడ