చొక్కా జేబులో మడిచిన కాగితం

ప్రియమైన నేస్తానికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ చివరి పేజీ అంచున ఇరికించి రాసిన మాటల దగ్గరే ఆగిపోయాను. మనసు మళ్లీ బరువుగా ఉంటోందనీ, థెరపిస్టుకు మాత్రం చెప్పలేదనీ, ఆవిడ ఇంత శ్రద్ధ తీసుకుంటుంటే ఏ ముఖంతో చెప్పాలనీ రాశావు. ఆ బాధ నాకు తెలుసు. అందుకే ఇన్నాళ్లూ నీకు చెప్పని సంగతి ఒకటి ఈ రోజు చెబుతున్నాను.

పోయిన ఏడాది దాదాపు రెండు నెలలు నేను మా థెరపిస్టుకు నిజం చెప్పలేదు. ఎలా ఉన్నారని అడగగానే "ఫర్వాలేదండీ, కాస్త నయం" అనేవాణ్ణి. రాత్రి రెండున్నరకు మెలకువ వస్తే తెల్లవారేదాకా మళ్లీ కన్ను మూతపడేది కాదు. స్నానానికి లేవాలంటే కొండ ఎక్కినట్టుండేది. నువ్వు ఫోన్ చేసినప్పుడు కూడా, అది మోగి మోగి ఆగిపోయేదాకా చూస్తూ కూర్చున్నాను. నీ మీద కోపం కాదురా. గొంతు పెగిలేది కాదు, అంతే.

కుంగుబాటు ఎంతుందో చూడటానికి ప్రతి నెలా ఒక ప్రశ్నపత్రం ఇచ్చేవారు, పీహెచ్‌క్యూ-9 అంటారు. గడిచిన రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలుంటాయి. ఆసక్తి, నిద్ర, నీరసం, ఆకలి, ఏకాగ్రత, ఇలాంటివి. ఒక్కో దానికి సున్నా నుంచి మూడు, మొత్తం 27. పది గానీ, అంతకంటే ఎక్కువ గానీ వస్తే పట్టించుకోవాల్సిన స్థాయి. నేను పరీక్ష రాసే పిల్లవాడిలా, ఆవిడకు ఏ జవాబు నచ్చుతుందో ఊహించి టిక్కులు పెట్టేవాణ్ణి. మొత్తం తొమ్మిది దాటకుండా చూసుకునేవాణ్ణి. ఆ లెక్కను నమ్మి ఆవిడ చికిత్స నడిపిస్తున్నారని నాకు తట్టనేలేదు.

చివరికి ఒక రాత్రి నిద్రపట్టక, జరుగుతున్నదంతా కాగితం మీద పెట్టాను. మర్నాడు దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకుని వెళ్లాను. లోపలికి వెళ్లాక నోరు పెగల్లేదు. కాగితం తీసి బల్ల మీద పెట్టి, ఆవిడ వైపు జరిపాను. చెమటకు తడిసి ఒక మూల సిరా అలుక్కుపోయింది. మొదటి వాక్యం మాత్రం కనిపిస్తూనే ఉంది: "నేను మీకు నిజం చెప్పడం లేదు, నాకు రోజురోజుకీ ఎక్కువవుతోంది."

ఆవిడ మొహం చిన్నబోతుందని ఎంత భయపడ్డానో! అలాంటిదేమీ జరగలేదు. కాగితం నిదానంగా చదివి, "ఎప్పటినుంచి?" అన్నారు. తర్వాత సూటిగా, చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా అని అడిగారు. ఎవరైనా ఆ మాట అడిగితే కొత్తగా ఆ ఆలోచన పుట్టదురా. నాకైతే ఎవరో కిటికీ తెరిచినట్టయింది. అప్పుడప్పుడూ వస్తున్నాయని చెప్పేశాను. ఆ రాత్రి గడ్డుగా ఉంటే ఎవరిని పిలవాలి, ఇంట్లో ఏవి నా చేతికి అందకుండా పెట్టాలి అన్నది ఇద్దరం కూర్చుని రాసుకున్నాం.

ఇంకొకటి కూడా బయటపెట్టాను. కాస్త తేలికపడగానే, కుంగుబాటుకు వేసుకుంటున్న మాత్రలు నా అంతట నేనే ఒక్కసారిగా ఆపేశాను. తల తిరగడం, చిరాకు, పీడకలలు అప్పుడే మొదలయ్యాయి. ఆ సంగతి తెలియక, మాటలతో చేసే చికిత్స నాకు పనిచేయడం లేదేమోనని ఆవిడ ఆలోచిస్తున్నారట. నా అనుమతి తీసుకుని మానసిక వైద్యుడితో మాట్లాడారు. ఆయన థైరాయిడ్ పరీక్ష కూడా చేయించారు, అది తగ్గినా మనిషి ఇలాగే కుంగిపోతాడట. మందు మళ్లీ మొదలుపెట్టాం. వెంటనే గుణం కనిపించలేదు, కొన్ని వారాలు పట్టింది.

నీ థెరపిస్టు నీ మాట సరిగ్గా పట్టించుకోకపోతే, ఆ మాటే మళ్లీ చెప్పు. అప్పటికీ కుదరకపోతే ఇంకొకరి దగ్గరికి వెళదాం. ముందు మాత్రం ఆవిడకు తెలియాలి కదా! ఎక్కువైందని చెబితే ఆవిడ శ్రమను తక్కువ చేసినట్టు కాదు. జ్వరం 103 ఉంటే డాక్టరు దగ్గర మొహమాటపడి 99 అని చెబుతామా?

గురువారం నీ అపాయింట్‌మెంట్ అన్నావు. ఈలోగా బతకాలని లేదనిపిస్తే మాత్రం గురువారం దాకా ఆగకు. అర్ధరాత్రైనా సరే నాకు ఫోన్ చెయ్యి, ఇద్దరం కలిసి ఆస్పత్రికి వెళదాం. లేదంటే బుధవారం రాత్రి నేనే చేస్తాను. చేతిలో ఒక కాగితం, పెన్ను పెట్టుకుని ఉండు. మొదటి వాక్యం నాకు చదివి వినిపించు, మిగతాది ఆవిడకు ఇద్దువుగాని.

ఎప్పటికీ నీ,
నేస్తం