కుక్క తిండి మానేస్తే పొట్ట ఒక్కటే చూస్తే చాలదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పెంపుడు జంతువుల పేజీలో, కుక్క పేగులు బాగుంటే గుండె దానంతటదే బాగుంటుందన్నట్టు ఒక వ్యాసం వేశారు. అప్పటి నుంచి మా దగ్గరికి ఆ పేపర్ కత్తిరించి పట్టుకొస్తున్నారు. ఈ ఉత్తరం అందుకే.

నేను డాక్టర్ని కాను. పశువైద్యశాలలో గుండె స్కానింగ్ చేసేటప్పుడు కుక్కని పట్టుకునే పని నాది. ఆ టేబుల్‌కి ఒక పక్క కంత ఉంటుంది. కుక్కని పక్కకు పడుకోబెట్టి, ఛాతీ సరిగ్గా కంత మీదికి వచ్చేలా కదలకుండా పట్టుకుంటే, డాక్టర్ గారు కింది నుంచి ప్రోబ్ ఆనించి చూస్తారు. లైట్లు తగ్గించిన ఆ గదిలో యజమాని నా పక్కనే నిలబడి, డాక్టర్ని అడగడానికి మొహమాటపడేవన్నీ నన్ను అడుగుతారు. ఈ వారమంతా ఒకటే ప్రశ్న: "పేగులకి ఆ ప్రొబయాటిక్ (మంచి బ్యాక్టీరియా ఉండే) పౌడర్ మొదలుపెడితే గుండె మాత్రలు ఆపేయొచ్చా?"

ఆపకూడదు. వ్యాసంలో ఉన్నది అబద్ధం కాదు, కానీ సగమే. గుండెకీ పేగులకీ సంబంధం రెండు వైపులా ఉంది. ఇంట్లో మనకి ఎక్కువగా కనపడేది మీరు రాయని వైపు.

కుక్కల్లో వచ్చే గుండె జబ్బుల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు మిట్రల్ వాల్వుకి, అంటే గుండె ఎడమ వైపు పై, కింది గదుల మధ్య ఉండే కవాటానికి సంబంధించినవే. చిన్న జాతుల్లో వయసు పైబడేకొద్దీ ఆ వాల్వు మందమై సరిగ్గా మూసుకోదు. రక్తం వెనక్కి లీకవుతుంది, గుండె ఎడమ పై గది సాగిపోతుంది. గుండె ఇక తట్టుకోలేని దశకి, అంటే గుండె వైఫల్యానికి వచ్చేసరికి పేగులకి అందాల్సిన రక్తం తగ్గుతుంది. కుడి వైపు కూడా దెబ్బతింటే పేగుల నుంచి తిరిగి రావాల్సిన రక్తం అక్కడే నిలిచి పేగు గోడ వాస్తుంది. వాచిన గోడ ఆహారాన్ని సరిగ్గా పీల్చుకోదు, లోపల ఉండిపోవాల్సిన బ్యాక్టీరియా విషాలని రక్తంలోకి వదులుతుంది. వాటి వల్ల ఒంట్లో వాపు గుణం పెరిగి, ఆకలి చచ్చి, కండ కరుగుతుంది.

ఈ కండ కరగడం కాటాకి తెలియదు. పొట్టలో నీరు చేరితే బరువు తగ్గినట్టే ఉండదు, ఒక్కోసారి పెరుగుతుంది కూడా. పట్టుకున్న చేతికి మాత్రం తెలిసిపోతుంది. కిందటిసారి వెన్నెముకకి రెండు పక్కలా నిండుగా ఉన్న చోట ఈసారి ఎముక తగులుతుంది. నేను డాక్టర్ గారికి ముందు చెప్పేది అదే. ఇంట్లోవాళ్లు మాత్రం "దీనికి ఈ మధ్య పొట్ట బాగోలేదండీ, అరగడం లేదు" అంటారు. కడుపుకి ఒకచోట, గుండెకి మరోచోట చూపిస్తారు. ఈ డాక్టర్ రాసినది ఆ డాక్టర్‌కి తెలియదు.

ఇక మీరు రాసిన వైపు సంగతి. మాంసం, గుడ్లలో ఉండే కార్నిటిన్, కోలిన్ లాంటి వాటిని పేగుల్లోని బ్యాక్టీరియా విరగ్గొడితే వచ్చే పదార్థాన్ని కాలేయం టీఎంఏఓ అనే దానిగా మారుస్తుంది. మనుషుల్లో దీనికీ గుండె జబ్బుకీ ఉన్న సంబంధాన్ని క్లీవ్‌లాండ్ క్లినిక్ పరిశోధకులు 2011లో బయటపెట్టారు. వాల్వు జబ్బు ముదిరి గుండె వైఫల్యానికి చేరిన కుక్కల రక్తంలోనూ ఇది ఎక్కువగా ఉంటోందని తర్వాత తేలింది. అయితే ఇది ఒంట్లోంచి బయటికి పోయేది కిడ్నీల ద్వారా. ముసలి గుండె రోగుల్లో కిడ్నీలు నెమ్మదించడం మామూలే. కాబట్టి టీఎంఏఓ పెరగడం వల్ల గుండె పాడైందా, గుండె, కిడ్నీలు పాడవడం వల్ల అది పెరిగిందా అన్నది కుక్కల్లో ఇంకా తేలలేదు. అంతలోనే పౌడర్ డబ్బా ఫొటో వేసేశారు!

మాత్రల సంగతి వేరు. గుండె పెద్దదై, ఇంకా వైఫల్యం మొదలుకాని వాల్వు జబ్బు కుక్కలకి పిమోబెండన్ అనే గుండె మాత్ర ఇస్తే, వైఫల్యం దశ రావడం సగటున 15 నెలలు ఆలస్యమైందని 2016లో వచ్చిన పెద్ద అధ్యయనం చూపించింది. పేగుల పౌడర్ దేనికీ అలాంటి రుజువు లేదు. డాక్టర్ వద్దనకపోతే మాత్రలతో పాటు వేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మాత్రల బదులు మాత్రం వద్దు.

పొట్టకి తేలిక అని గ్రెయిన్ ఫ్రీ (ధాన్యాలు లేని) తిండికి మార్చేవాళ్లకీ ఒక మాట. బఠానీలు, పప్పుజాతి గింజలు ఎక్కువగా ఉన్న అలాంటి తిండి తినే కుక్కల్లో, సాధారణంగా ఆ జబ్బు రాని జాతుల్లో కూడా గుండె కండరం పలచబడి సాగిపోతున్నట్టు తమకు ఫిర్యాదులు వచ్చాయని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో హెచ్చరించింది. తిండే కారణమని తేలలేదు. అయినా గుండె రోగి ఉన్న ఇంట్లో డాక్టర్‌ని అడగకుండా ఆ మార్పు ఎందుకు?

అన్నిటికన్నా నాకు టెన్షన్ పెట్టేది వాంతులకి సొంత వైద్యం. డిగాక్సిన్ అనే గుండె మందు వాడే కుక్క తిండి మానేసి వాంతి చేసుకుంటే, అది మందు మోతాదు మించిందని చెప్పే తొలి గుర్తు కావచ్చు. అక్కడ వాంతి మాత్ర వేస్తే ఆ గుర్తు కాస్తా దాగిపోతుంది. విరేచనాలకి ఇంట్లో మిగిలిన మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ వేసేవాళ్లూ ఉన్నారు. పేగుల్లో మంచి బ్యాక్టీరియా కావాలంటూనే వారాల తరబడి కోలుకోని దెబ్బ కొడతారు. మాత్రని ఉప్పు చీజ్‌లో దాచి తినిపించడం ఇంకో అలవాటు. గుండె రోగికి తగ్గించాల్సిందే ఉప్పు కదా!

మీ పేజీలో వేయదగ్గ పని ఒకటుంది. కుక్క గాఢంగా నిద్రపోతున్నప్పుడు ఛాతీ లేచి పడటాన్ని ఒకటిగా లెక్కేస్తూ నిమిషానికి ఎన్నో చూడాలి. 30 లోపు ఉండాలి. రోజూ ఒకే పుస్తకంలో రాయాలి, దాని పక్కనే తిన్నదీ, వాంతీ, విరేచనం కూడా రాయాలి. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా ఆ పుస్తకం, వాడుతున్న మందులన్నీ పట్టుకెళ్లాలి. తిండి మానేసిన రోజే ఊపిరి లెక్క కూడా 30 దాటితే, పొద్దున చూద్దాంలే అనుకోకుండా అప్పుడే ఫోన్ చేయాలి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
పశువైద్యశాల స్కానింగ్ సహాయకురాలు