ఎన్ని గంటలు నిలిచిందన్నదేనా లెక్క?

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం అనుబంధంలో ఎండాకాలం పెర్ఫ్యూమ్‌ల మీద మీరు వేసిన పేజీ చదివాను. పళ్ల వాసనా పూల వాసనా కలిపి చేసే రకాన్ని, అదే అందరూ ఫ్రూటీ ఫ్లోరల్ అంటున్నారే, దాన్ని రెండు ముక్కల్లో తేల్చేశారు. బాగుంటుంది కానీ నిలవదట, కాలేజీ పిల్లలకైతే సరేనట. పక్కనే 'బాగా నిలిచేవి' అంటూ ఒక జాబితా, ఏది ఎన్ని గంటలు ఉంటుందో అంకెలతో సహా. పొద్దున్నే ఎండలోకి వెళ్లేటప్పుడు కొట్టుకునే సెంటునీ, రాత్రి ఏసీ హాల్లో పార్టీకి కొట్టుకునే సెంటునీ ఒకే గాటన కట్టేశారు. నా గొడవంతా అదే.

ముందు ఆ నిలవకపోవడం సంగతి చూద్దాం. ఇలాంటి సెంటు కొట్టగానే పుల్లగా, చల్లగా ఒక హుషారు తగులుతుంది కదా, అది ఎక్కడిది? నిమ్మ, నారింజ తొక్కల నూనెలో ఎక్కువ భాగం లిమోనీన్, దాని అణుభారం 136. బేరిపండు వాసనిచ్చే హెక్సిల్ అసిటేట్‌ది 144. అదే సీసాలో ఉంటూ, ఉతికి ఆరేసిన బట్టల వాసనతో సాయంత్రం దాకా అంటిపెట్టుకునే గెలాక్సొలైడ్ అనే మస్క్ (కస్తూరి రకం వాసన పదార్థం) ఉందే, దానిది 258. అణుభారం ఒక్కటే లెక్క కాదనుకోండి, కానీ మొత్తమ్మీద తేలికైనవి ముందు ఎగిరిపోతాయి, ఎగిరితేనే కదా ముక్కుకు అందేది! ఒళ్లు వేడెక్కితే ఇంకా తొందరగా ఎగురుతాయి. అంటే మీరు మెచ్చుకున్న ఆ తాజాదనం, మీరు తప్పుపట్టిన ఆ ఆగకపోవడం, రెండూ ఒకే గుణం. ఒకటి కావాలి, రెండోది వద్దు అంటే కుదరదు.

మీ జాబితా రాసినవాళ్లు కాగితం ముక్క మీద కొట్టి వాసన చూసి ఉంటారని నా అనుమానం. కాగితానికి వేడి లేదు, చెమట లేదు. మోచేతి మడత దగ్గర ఒక్కసారి కొట్టుకుని బయటికి నడవండి, కథ వేరుగా ఉంటుంది. మొదట ఆల్కహాల్ చురుక్కుమంటుంది, అప్పుడే ముక్కు దగ్గర పెట్టుకోకూడదు. అది పోగానే బేరి, నారింజ తొక్క, కాస్త పచ్చి వాసన కలిసి ఒక్కసారిగా పైకి లేస్తాయి, ఎండలో ఇది నీడలో కంటే పెద్దగా, కానీ తక్కువసేపు ఉంటుంది. అది తగ్గుతుండగా పీచ్ బయటపడుతుంది, దానికి పులుపు తక్కువ, పండు తొక్క మీది నూగులాంటి మెత్తదనం ఎక్కువ. తర్వాత మల్లె వైపు, గులాబీ వైపు జరుగుతుంది. మధ్యాహ్నానికి చెయ్యి ముక్కు దాకా తెచ్చుకుంటే తప్ప తెలియదు, తెలిసేది కూడా శుభ్రమైన బట్ట వాసనే. పగటి సెంటు చేయాల్సిన పని ఇదే కదా. మళ్లీ కావాలంటే చిన్న సీసా బ్యాగులో వేసుకుని ఇంకోసారి కొట్టుకోవచ్చు, దాన్ని లోపం కింద రాసేశారు మీరు.

ఇంకో సంగతి. వాసన పోయిందనుకోవడం వేరు, నిజంగా పోవడం వేరు. ఎవరి సెంటుకు వాళ్ల ముక్కు కాసేపటికే అలవాటుపడిపోతుంది. మనకు తెలియడం లేదని మళ్లీ మళ్లీ కొట్టుకుంటాం, పక్క సీటు వాళ్లకు మాత్రం అన్ని దఫాలూ కలిపి తెలుస్తూనే ఉంటుంది. మీ జాబితాలో పైనున్నవన్నీ వెనీలా, అంబర్, ఊద్ లాంటి బరువైన, ఘాటైన రకాలు. చల్లటి రాత్రి నాకూ ఇష్టమే, కాదనను. కానీ మండుటెండలో, తలుపులు మూసిన బస్సులో, కిటికీ తెరుచుకోని క్లాసురూములో అవి పక్కవాళ్ల తల పట్టేస్తాయి. మైగ్రేన్ ఉన్నవాళ్లలో చాలామందికి ఘాటు వాసనే నొప్పి తెప్పిస్తుంది. ఎన్ని గంటలు నిలుస్తుందని రాసినవాళ్లు ఆ గంటలన్నీ ఎవరు భరించాలో కూడా ఒక ముక్క రాయాల్సింది.

ఇక కాలేజీ పిల్లల మాట. పూల సెంటులో పండు కలపడం ఈ మధ్య పిల్లల కోసం మొదలైన పనేం కాదు. పీచ్ వాసనిచ్చే రసాయనాన్ని ఫ్రెంచ్ కంపెనీ గెర్లాన్ 1919లోనే మిత్సుకో అనే సెంటులో వాడింది. (దాన్ని వ్యాపారంలో ఆల్డిహైడ్ సీ-14 అంటారు, తీరా చూస్తే అది ఆల్డిహైడ్ అనే రసాయన జాతిదీ కాదు, అందులో కార్బన్లు 14 కూడా కాదు, 11. పేరు పెట్టినవాళ్లకో దండం.) 1999లో డియోర్ తెచ్చిన జాడోర్‌లో బేరి, పీచ్, మల్లె అన్నీ ఉంటాయి, దాన్ని ఎవరైనా పిల్లల సెంటు అంటారా? కాకపోతే మీ మాటలో కొంత నిజం ఉంది, ఒప్పుకుంటాను. ఈ రకంలో చెత్త చాలానే వస్తోంది. పీచు మిఠాయి వాసనిచ్చే ఇథైల్ మాల్టాల్ దండిగా పోసి, పైన ఏదో ఒక పండు పేరు పెట్టి అమ్మేస్తున్నారు. కొట్టగానే బాగుంటుంది, గంటయ్యాక ఎండలో పాకంలా చిక్కబడి వెగటు పుట్టిస్తుంది. అందుకే కొట్టుకున్న వెంటనే కొనెయ్యకుండా, బయట ఓ గంట తిరిగొచ్చి అప్పుడు వాసన చూడమంటాను. పువ్వు మిగిలితే తీసుకోవచ్చు, చక్కెర మిగిలితే వదిలెయ్యొచ్చు. పాఠకుడికి పనికొచ్చేది ఇదీ, మీ పేజీలో లేనిదీ ఇదే.

బొమ్మ కింద 'నిజమైన పండ్ల రసం నుంచి తీసిన పరిమళం' అని వేశారు. అదీ తప్పే. నిమ్మజాతి పళ్ల తొక్కల నుంచి నూనె తీస్తారు, అంతవరకు నిజం. బ్లాక్‌కరెంట్‌కు సహజమైన సారం ఉంది కానీ అది తీసేది మొగ్గల నుంచి, పండు నుంచి కాదు. యాపిల్, పీచ్, లిచీ లాంటివన్నీ లాబ్‌లో కట్టిన వాసనలే. పూలలోనూ అంతే, పియొనీ, లిల్లీ ఆఫ్ ద వ్యాలీ వాసనలను కూడా మామూలుగా రసాయనాలతోనే కడతారు. ఇందులో మోసమేమీ లేదు, అది వాళ్ల పనితనం. లేనిదాన్ని ఉందని రాయడమే మోసం.

ఇంతవరకూ అభిరుచి గొడవ, సర్దుకుపోవచ్చు. కానీ చివర్లో ఇచ్చిన చిట్కా చూసి మాత్రం ఊరుకోలేకపోయాను. ఎండలోకి వెళ్లబోయే ముందు మెడ మీద, ఛాతీ మీద బాగా కొట్టుకుంటే వేడికి వాసన బాగా విచ్చుకుంటుందని రాశారు. సెంట్లలో వాడే బెర్గమాట్ అనే నిమ్మజాతి పండు తొక్కను పిండి తీసిన నూనెలో బెర్గాప్టెన్ అనే పదార్థం ఉంటుంది. అది ఒంటి మీద ఉండగా ఎండ తగిలితే చర్మం కమిలిపోతుంది, తర్వాత కారిన చుక్కల ఆకారంలోనే గోధుమరంగు మచ్చలు పడి నెలల తరబడి ఉండిపోతాయి. సెంటు వల్ల మెడ మీద ఇలా మచ్చలు రావడానికి చర్మవైద్యంలో ఒక పేరే ఉంది, బెర్లోక్ డెర్మటైటిస్. ఇప్పుడు పేరున్న కంపెనీలు బెర్గాప్టెన్ తీసేసిన నూనె వాడుతున్నాయి, పరిశ్రమ సంస్థ ఇఫ్రా పరిమితులు కూడా పెట్టింది, కాబట్టి కంగారుపడాల్సిన పని లేదు. అయితే ఇంట్లో కలుపుకునే నూనెలకు, పేరూ ఊరూ లేని సీసాలకు ఆ హామీ ఎవరిస్తారు?

బట్టలు కప్పే చోట కొట్టుకోమనో, కాటన్ చొక్కా లోపలి వైపు కొట్టుకోమనో రాయాల్సింది, పట్టు మీద మరక పడుతుంది కాబట్టి దాని జోలికి పోవద్దని కూడా. పాత సీసా సంగతీ ఉంది. లిమోనీన్, లినలూల్ లాంటి వాసన పదార్థాలు గాలి తగిలి ఆక్సీకరణ చెందితే కొందరికి దద్దుర్లు వస్తాయి. లేబుల్ మీద విడిగా పేరు రాయాల్సిన ఇలాంటి పదార్థాల జాబితాను యూరప్ 2023లో 80కి పైగా పెంచింది కూడా. కారులో, బాత్రూములో, కిటికీ గట్టు మీద పెట్టిన సీసా తొందరగా పాడవుతుంది, అందులోనూ ముందుగా చెడేది మనం ముచ్చటపడి కొన్న ఆ నిమ్మ, నారింజ వాసనే.

మళ్లీ ఇలాంటి పేజీ వేసేటప్పుడు ఆ గంటల లెక్క ఎక్కడ చూశారో, కాగితం మీదనా చర్మం మీదనా, ఏసీలోనా ఎండలోనా, అదొక్కటీ రాయండి. జాబితా మార్చమని అడగను, మీ ఇష్టం. మెడ చిట్కాకు మాత్రం వచ్చే ఆదివారం అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో సవరణ వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు