ఆపరేషన్‌తో వైద్యం ముగియదు

సంపాదకులకు నమస్కారం.

బరువు తగ్గడానికి చేసే స్లీవ్ గ్యాస్ట్రెక్టమీలో జీర్ణాశయం సుమారు 75 నుంచి 80 శాతం తొలగిస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ కూడా తగ్గడంతో మొదటి ఏడాది, ఏడాదిన్నర వరకు బరువు వేగంగా దిగినా, తర్వాత చాలామందికి ఆకలి మెల్లగా తిరిగొచ్చి, కొంత బరువు పెరుగుతుంది. అప్పుడు ఇంటివాళ్లు రోగినే నిందించడం, మా అక్క విషయంలో నేను చూసినట్టు, చాలా అన్యాయం.

పులుసులో చేపముక్కలు ముందు తిని అన్నాన్ని చివరి రెండు ముద్దలకు పరిమితం చేసుకుంటే రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు అందడం తేలికవుతుందనీ, భోజనంతోపాటు నీళ్లు తాగరాదనీ, బీ12, ఇనుము, కాల్షియం, విటమిన్ డి మాత్రలు జీవితాంతం మానకూడదనీ ఎవరైనా కూర్చోబెట్టి, ఒకసారి కాదు, పదేపదే చెప్పాలి. బీ12 లోపిస్తే రక్తహీనతతోపాటు నరాలూ దెబ్బతింటాయి.

కావలి, ఉదయగిరి వైపు నుంచి చెన్నై వెళ్లి ఆపరేషన్ చేయించుకున్నవారికి ప్రతి పరీక్షకూ అంత దూరం వెళ్లడం భారం. జిల్లా కేంద్రంలోని ప్రభుత్వాసుపత్రిలో నెలకొక రోజైనా వైద్యులు, పోషకాహార నిపుణులు కలిసి వీరిని చూసే ఏర్పాటు చేయాలని వైద్యారోగ్య శాఖను కోరుతున్నాను.

ఒక పాఠకురాలు,
కావలి, నెల్లూరు జిల్లా