మన తోట చూడ్డానికి వస్తున్నారు

అందరికీ నమస్కారం. ఈ ఏడాది మన అలాట్‌మెంట్ (మడులు అద్దెకి తీసుకుని మనం కూరగాయలు పండించుకునే తోట) పేరు బ్రిటన్‌లోని తోటపని సంస్థ రాయల్ హార్టికల్చరల్ సొసైటీ (ఆర్‌హెచ్‌ఎస్) వారి ‘ఇట్స్ యువర్ నైబర్‌హుడ్’ అనే కార్యక్రమానికి ఇచ్చాం. కొత్తగా చేరినవాళ్ళ కోసం చెబుతున్నా, ఇది పోటీ కాదు. వేసవిలో ఒకరు వచ్చి మనతో తోటంతా తిరిగి, 5 స్థాయిల్లో మనం ఎక్కడున్నామో చెప్పి, సలహాలిచ్చి వెళ్తారు. అన్నిటికన్నా పైది ‘అవుట్‌స్టాండింగ్’.

తోటపని, పర్యావరణం ఒకెత్తు. కంపోస్టు కుప్పలు, వాననీళ్ళ డ్రమ్ములు చూపిద్దాం. చుట్టుపక్కల వాళ్ళతో కలిసి చేసే పనినీ చూస్తారు, నాకు ముఖ్యం అదే. పోయిన ఏడాది గుమ్మడికాయలు పక్కవీధి పెద్దవాళ్ళ ఇళ్ళకి మోసుకెళ్ళి ఇచ్చాం కదా, ఎవరి దగ్గరైనా ఫొటోలుంటే ఇక్కడ పెట్టండి. పక్క మడి పెద్దాయన మన మెంతికూర చూసి, పప్పులో ఎలా వేస్తారని అడిగి మరీ విత్తనాలు పట్టుకెళ్ళారు. ఆయన్నీ ఆ రోజు పిలుద్దాం.

ఆదివారం ఉదయం 10 గంటలకి గేటు దగ్గర కలుద్దాం. దారి పక్క కలుపు తీయాలి, పాలీటన్నెల్‌లో (ప్లాస్టిక్ షీటు కప్పిన పొడవాటి పందిరిలో) గోంగూర నారు సర్దాలి. పిల్లల్నీ తీసుకురండి. గ్లవ్స్ మర్చిపోవద్దు, ముళ్ళకంప చాలా పెరిగింది.